చూపుడు వేలు, మూడో కాపీ

నా కుడిచేతి చూపుడు వేలు తెగడానికి కారణం మా బావమరిది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఈ సంగతి ఎవరికి చెప్పబోయినా, నేను సగంలో ఉండగానే, "అయినా కత్తి పట్టుకున్నది మీరే కదా" అని అడ్డం వస్తారు. పట్టుకున్నది నేనే. కాని వెనకాల నిలబడి, "బావా, పనసకాయ అలగ కాదు కొట్టడం" అన్నది అతను. నేను తల తిప్పాను. కత్తి తిరగలేదు.

బిలాస్‌పూర్‌లో వేసవి రాగానే పనసకాయలు తోపుడుబళ్ళ మీద గుట్టలుగా కనబడతాయి. ఇక్కడివాళ్ళు కటహల్ అంటారు. ముక్కలు కోసి, మసాలా పట్టించి వండుకుంటారు. కాయ కొంటే బండివాడే చేతికి నూనె రాసుకుని ముక్కలు కోసి ఇస్తాడు. పొట్టు కొట్టి ఇమ్మంటే మాత్రం మన మొహం కేసి చూస్తాడు. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి, మూడు తరాలుగా ఇక్కడే ఉండిపోయిన మాలాంటి ఇళ్ళలో పనసకాయని పొట్టుగా కొట్టి, ఆవ పెట్టి వండితేనే అది కూర. కొట్టే పని మగవాళ్ళది. మా తాత కొట్టాడు, మా నాన్న కొట్టాడు, నలభై ఏళ్ళుగా నేను కొడుతున్నాను. మా ఆవిడ తమ్ముడైన ఈ పెద్దమనిషి జన్మలో ఒక్క కాయ కొట్టి ఎరగడు. తినడానికి మాత్రం ఊరికి ఆ చివర లింగియాడీహ్ నుంచి ఈ చివర మంగ్లాలో మా ఇంటిదాకా స్కూటరేసుకుని వస్తాడు. అలాంటివాడు నాకు పద్ధతి నేర్పబోయాడు.

ఇదే మొదటిసారి అయితే క్షమించేవాణ్ణేమో. నేను రైలు పట్టాలు మరమ్మతు చేసే గ్యాంగులో చేరి, ఆ గ్యాంగుకి పెద్దగా, అంటే మేట్‌గా ఉండి, చివరికి సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. అతను ఇంజన్ డ్రైవర్. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు, మా ఇంట్లో ఇంకా డ్రైవరే. చాలా ఏళ్ళ కిందట ఒక మే నెలలో అతను మా క్వార్టర్‌లో పులిహోర తిని, మళ్ళీ వడ్డించుకుని తిని, డ్యూటీకి వెళ్ళి, గూడ్స్ బండి తోలుతూ నేను చూసే సెక్షన్‌లో ఒకచోట బండి కుదిపిందని తర్వాతి స్టేషన్లో రాసి ఇచ్చాడు. స్థలం ఫలానా. కుదుపు తీవ్రం. కారణం, ట్రాక్ సరిగా లేదు. మర్నాడు మా ఇంజనీరు నన్ను ఎండలో ఆ పట్టాల వెంట నడిపించుకుంటూ తీసుకెళ్ళాడు. రెండు స్లీపర్ల, అంటే పట్టాల కింది అడ్డదిమ్మల, కింద కంకర కాస్త వదులైన మాట నిజమే. కాని ఇంటికొచ్చి చెప్పొచ్చు కదా! "డ్యూటీ డ్యూటీయే బావా" అన్నాడు అప్పుడు. ఆ రిపోర్టు కాపీ నా ఫైల్లో ఉంది. ఇప్పటికీ ఉంది.

ఫైల్ అన్నాను కాబట్టి దాని సంగతి కూడా చెప్పాలి. నేను ఫిర్యాదులు రాస్తాను. కాలనీలో కుళాయి ఉదయం ఆరింటికి బదులు ఏడింటికి వచ్చిందని రాశాను. క్వార్టర్ కప్పు కారుతోందని రాసి, అది బాగయ్యాక, బాగుచేసినవాళ్ళు నిచ్చెన మా మందారం మీద ఆనించారని రాశాను. ఊళ్ళో మన తెలుగువాళ్ళ సంఘం వేసిన సంచికలో నా ఫోటోలో చెవి సగం కోసేసి అచ్చువేశారని రాశాను. ఏది రాసినా మూడు కాపీలు. మొదటిది వాళ్ళకి. రెండోది అందినట్టు వాళ్ళ చేత సంతకం పెట్టించి నేను తెచ్చుకునేది. మూడోది, రెండోది పోతే చూపించడానికి. మూడు కాగితాలు, మధ్యలో రెండు కార్బన్లు, పైన బాల్‌పెన్ను. మూడో కాపీలో అక్షరం పడాలంటే చూపుడు వేలిలో బలం ఉండాలి. జిరాక్స్ తీయించుకోవచ్చు కదా అని మా ఆవిడ అంటుంది. జిరాక్స్ ఎవరైనా ఎప్పుడైనా తీసుకోవచ్చు. కార్బన్ కాపీ అలా కాదు, అది రాసినప్పుడే పుడుతుంది.

అందువల్ల ఆ రోజు వంటింట్లో రక్తం చూసి నాకు మొదట గుర్తొచ్చింది మూడో కాపీయే.

ఆస్పత్రిలో డాక్టరు వేలి మొదట్లో తెగినదాన్ని కలిపి కుట్టాడు. మా ఇంట్లో అందరం నరం తెగింది అన్నాం. నరం కాదట, వేలిని వంచే తాడట, స్నాయువు అంటారట. ముంజేతి నుంచి వేలి కొసదాకా ఒక గొట్టంలాంటి దాంట్లో జారుతూ ఉంటుందట. కుట్టాక చెయ్యి వెనక్కి వంగకుండా స్ప్లింట్ కట్టి, రెండు రోజుల్లో ఫిజియోథెరపీకి వెళ్ళమని కాగితం రాసిచ్చాడు. వేలిని నీ అంతట నువ్వు వంచకు, రెండో చేత్తో మెల్లగా వంచి తీస్తూ ఉండు, ఎలాగో వాళ్ళు చూపిస్తారు, అన్నాడు.

నేను వెళ్ళలేదు. ముప్పై ఆరేళ్ళు పట్టాలు మరమ్మతు చేసినవాణ్ణి, మరమ్మతు అంటే ఏమిటో డాక్టర్లు నాకు చెప్పాలా? పని జరుగుతున్న లైన్ మీద బండి తిరగకూడదు. దాన్ని బ్లాక్ అంటాం. అటూ ఇటూ ఎర్రజెండాలు పాతి, పని అయ్యేదాకా చీమని కూడా పోనివ్వం. నా వేలికి కూడా బ్లాక్ తీసుకున్నాను. స్ప్లింట్ చివర ఒక ఎర్రగుడ్డ పీలిక కట్టుకున్నాను, ఇంట్లో ఎవరూ తగలకుండా.

"అదేటండీ ఆ పీలిక?" అంది మా ఆవిడ.

"లైన్ బ్లాక్‌లో ఉంది."

"వేలికా?"

"పని నడుస్తోంది లోపల."

"మీరు పని చేస్తున్నట్టు ఎక్కడా కనబడ్డం లేదే," అని ఆవిడ కూర తిరగమోతకి వెళ్ళిపోయింది. ఈ మాట కూడా నాకు గుర్తుంది.

మూడు వారాల తర్వాత డాక్టరు స్ప్లింట్ విప్పి వంచమన్నాడు. మిగతా వేళ్ళు వంగాయి. చూపుడు వేలు వంగలేదు. నేను దాన్ని చూశాను, డాక్టరు నన్ను చూశాడు. నిటారుగా, సిగ్నల్ స్తంభంలా నిలబడింది. ఆ తర్వాత ఆ చెయ్యి ఎటు తిప్పినా అది ఎవరినో ఒకరిని వేలెత్తి చూపిస్తూనే ఉండేది. కూరలవాడు ఉలిక్కిపడ్డాడు, పక్కింటాయన "నేనేం చేశాను?" అన్నాడు. మీ స్వభావానికి ఇప్పటికి ఒళ్ళు కుదిరింది అంది మా ఆవిడ.

నాకు నవ్వు రాలేదు. పెన్ను పట్టుకుంటే జారిపోయింది. బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య ఇరికించి రాస్తే మొదటి కాగితం మీద కోడి గీకినట్టు వచ్చింది, రెండోదాని మీద ఏమీ లేదు, మూడోది కొత్త కాగితంలా తెల్లగా ఉంది. డాక్టరు చెప్పాడు: కుట్టినది అతుక్కుంది, అయితే పక్కనున్న గొట్టానికి కూడా అతుక్కుపోయింది. రెండు నెలలు ఫిజియోథెరపీ చెయ్యి. అప్పటికీ వదలకపోతే మళ్ళీ కోసి విడదియ్యాలి. విడదీసినా వంగుతుందన్న హామీ లేదు.

ఆ హామీ మాట వినగానే కాగితం మీద రాసి ఇమ్మందామనుకున్నాను. కాని నేను రాయలేనివాణ్ణి, ఎదుటివాణ్ణి రాయమనడానికి మనసొప్పలేదు.

మంగ్లాలోనే, మా ఇంటికి నడిచివెళ్ళే దూరంలో, ఒక చిన్న ఫిజియోథెరపీ సెంటర్ ఉంది. అక్కడి అమ్మాయి మన తెలుగుపిల్లే. వాళ్ళ తాత లోకో షెడ్‌లో ఫిట్టర్. ఆ పిల్ల తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు, రెండు మాటల తర్వాత హిందీలోకి జారిపోతుంది. నా వేలు పట్టుకుని అటూ ఇటూ చూసి, "హే భగవాన్, అంకుల్, మూడు వారాలు ఏటి చేశారు దీన్ని?" అంది.

"ఏమీ చెయ్యలేదు," అన్నాను గర్వంగా.

"అదే కదా గల్తీ."

బ్లాక్ గురించి, ఎర్రజెండా గురించి వివరించాను. ఆ పిల్ల పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. నేను అది కూడా చూశాను.

"అచ్ఛా, వినండి. డాక్టర్ కుట్టేస్తే బస్, అయిపోయింది అనుకున్నారు కదా? కుట్టు ఊరికే పట్టుకుని ఉంచుతుంది. అతికించేది సెల్స్. అవి తాళ్ళు పేనుతాయి. కొలాజెన్ అంటారు." తన జడ ముందుకు వేసుకుని చూపించింది. "లోపల మూడు పాయలు, ఇలా. ఒక్కో తాడుకి రెండు చివరలా టోపీ పెట్టి బయటికి పంపుతుంది సెల్."

"టోపీ ఎందుకు?"

"లేకపోతే లోపలే ఒకదానికొకటి అంటుకుపోతాయి, సెల్‌కే కష్టం. బయటికొచ్చాక కత్తెరలాంటిది ఆ టోపీలు కట్ చేస్తుంది. అప్పుడు తాళ్ళు పక్కపక్కన చేరి, వాటంతట అవే అతుక్కుంటాయి."

"వాటంతట అవే అతుక్కుంటే ఇంక ఆ సెల్ కూర్చుని ఏం చేస్తుంది?" సూపర్‌వైజర్‌గా చేసినవాడికి మొదట వచ్చే అనుమానం ఇదే.

"వరస! అతుక్కోవడం సరే, ఏ దిక్కుకి? సెల్ తన ఒంటి మీద పొడుగ్గా మడతలు చేసుకుంటుంది, చిన్న కాలవల్లాగ. తాడు ఆ కాలవలోంచి బయటపడుతుంది. కాలవ ఎటుంటే తాడు అటు. మరి కాలవ ఎటు పెట్టాలో దానికెలా తెలుసు? ముందే ఉన్న తాళ్ళని పట్టుకుని లాగి చూస్తుంది. ఎటు బిగువుగా ఉంటే అటే కొత్త తాడు వేస్తుంది. బిగువు లేని తాడుని కొరికి పారేస్తుంది. మీ వేలు కొంచెం కొంచెం కదిలితే బిగువు తెలుస్తుంది. మీరేమో జెండా కట్టి కూర్చున్నారు. పాపం వాటికి దిక్కు తెలీలేదు. అడ్డదిడ్డంగా వేసేశాయి, పక్కింటి గోడకి కూడా వేసేశాయి."

మా పనిలో వంకరపోయిన పట్టాని సరిచెయ్యాలంటే మేట్ దూరంగా వెళ్ళి, పట్టా మీదకి వంగి, ఒక కన్ను మూసి, వరస చూస్తాడు. అక్కడ గ్యాంగు గడ్డపారలు దూర్చి సిద్ధంగా ఉంటుంది. మేట్ చెయ్యి ఎటు ఊపితే అటు అందరూ ఒక్క ఊపులో నెడతారు. ఇంకొక్క పిసరు కావాలంటే నేను చూపుడు వేలు ఒక్కటే వంచి చూపేవాణ్ణి. ఎంత దూరంలో ఉన్నా నా గ్యాంగు ఆ వేలుని చూసేది. ఆ వేలు వంగితే పట్టా కదిలేది.

"అక్కడ వరస చూసే మేట్ ఎవరు?" అన్నాను.

"ఎవరూ లేరు అంకుల్. అందరూ పనివాళ్ళే. లాగి చూసుకుంటారు, వేసుకుంటారు."

నాకు ఇది నచ్చలేదు. ముప్పై ఆరేళ్ళు ఒక కన్ను మూసుకుని నేను చేసిన పనిని, కళ్ళే లేని ఈ సెల్స్ లాగి చూసి చేసేస్తాయా? నా ఒంట్లోనే, నా అనుమతి లేకుండా? ఇంటికొచ్చి చాలాసేపు దీని గురించి ఆలోచించాను.

ఆ పిల్ల చేతి పని మాత్రం మామూలుది కాదు. వేడి మైనంలో చెయ్యి ముంచి తీసి, మెత్తబడ్డాక వేలు పట్టుకుని మెల్లగా వంచేది. మెల్లగా అన్నది ఆ పిల్ల మాట.

"అమ్మా! నీ మీద కంప్లయింట్ రాస్తాను!"

"రాయండి అంకుల్. మీరు రాయగలిగితే క్రెడిట్ నాదే."

జవాబు లేని మాట అనిపించుకోవడం నాకు అలవాటు లేదు. మర్నాడు వెళ్ళకుండా మానేద్దామా అని కూడా అనుకున్నాను. వెళ్ళాను. కాని ఇంటి దగ్గర గంటకోసారి చెయ్యమన్న పదేసి వంపులు మాత్రం చెయ్యలేదు. అక్కడైతే తెగిపోతే ఆ పిల్లది బాధ్యత. ఇక్కడ తెగిపోతే నాది. నా మీద నేను ఎవరికి ఫిర్యాదు చెయ్యాలి?

పది రోజులైనా వేలు పిసరంతే వంగింది. ఆ పిల్ల స్కేలుతో కొలిచి, నా మొహం చూసి, "ఇంట్లో చెయ్యడం లేదు కదా?" అంది. అబద్ధం చెప్పాను. ఆ పిల్ల స్కేలు వంక చూసి తల ఊపింది. ఆ స్కేలుకి నాకంటే నిజాయితీ ఎక్కువని ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఆ ఆదివారం మా బావమరిది జామకాయలు పట్టుకుని వచ్చాడు. వాళ్ళ పెరట్లోవి. ఇక్కడివాళ్ళు బీహీ అంటారు. గాయం మానడానికి జామ, ఉసిరి తినమని ఫిజియోథెరపీ పిల్ల చెప్పిందని మా ఆవిడ అతనికి ఫోన్ చేసి చెప్పిందట. నా వేలు సంగతి నా శత్రువుకి నా ఇంట్లోంచే చేరుతోంది.

"ఏటి బావా, బండి కదిలిందేటి?"

"కదుల్తోంది."

"అక్క ఏమో కదల్లేదంటంది."

అతను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "బావా, ఒక మాట సెప్తాను, కోపం తెచ్చుకోకు."

"అయితే చెప్పకు."

"కొత్తగా కంకర పోసి ప్యాక్ చేసిన లైన్ మీద నన్ను ఇరవైలో తోలమని కాషన్ ఆర్డర్ ఇచ్చేవోరు, గుర్తుందా?"

కాషన్ ఆర్డర్ అంటే ఫలానాచోట నెమ్మదిగా వెళ్ళమని డ్రైవర్ చేతికిచ్చే కాగితం. గుర్తులేకపోవడమేమిటి?

"ఒకసారి నాను చిరాకుపడి నిన్ను అడిగినాను. పని అయిపోయింది కదా, బాగుంటే వందలో పోనీ, బాగోకపోతే బండే ఆపీ, ఈ ఇరవై గోలేటి అన్నాను. అప్పుడు నువ్వేటన్నావు?"

నాకు గుర్తొచ్చింది. గుర్తొచ్చిందని చెప్పలేదు.

"నువ్వే కదేటి అన్నావు! ఒరే, కంకర మా పారలతో గట్టిపడదురా, నీ బండి బరువుతో గట్టిపడుద్ది. ముందు ఇరవైలో కొన్ని బళ్ళు పోవాల, తర్వాత నలభై అయిదు, తర్వాత డెబ్భై అయిదు. బండి పోకపోతే ఆ లైన్ ఎప్పటికీ లైన్ అవదు అన్నావు. మరి నీ వేలు మీద ఒక్క బండీ పోనివ్వకుండా జెండా పాతీసి కూకుంటే ఏటవుద్ది?"

వంటింట్లో మా ఆవిడ చప్పుడు ఆగిపోయింది. వింటోంది. మంచినీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపాను, వేలు మళ్ళీ అతన్నే చూపించింది.

నన్ను ఎంతమంది ఎన్ని మాటలన్నా తట్టుకున్నాను, వరసగా పేర్లతో సహా చెప్పగలను. కాని నా మాట నాకే అప్పజెప్పినవాడు ఇతనొక్కడే. పైగా తప్పు లేకుండా అప్పజెప్పాడు. పారలు అన్న ముక్కతో సహా.

"బ్లాక్ తర్వాత కాషన్ ఉంటుందని నాకు తెలీదా?" అన్నాను చివరికి.

"తెలుసు కాబట్టే అంటన్నాను."

ఆ మధ్యాహ్నమే అతను పాత క్యాలెండర్ వెనక ఒక కాషన్ ఆర్డర్ రాశాడు. ఆ పిల్లకి ఫోన్ చేసి అడిగి మరీ రాశాడు. మొదటి వారం ఇరవై స్పీడు: గంటకి పది వంపులు, రెండో చెయ్యి సాయంతో. రెండో వారం నలభై అయిదు: సాయం లేకుండా వంపులు. ఆ తర్వాత డెబ్భై అయిదు: స్పాంజి ముక్క నొక్కడం, గుడ్డ పిండకూడదు, బకెట్ ఎత్తకూడదు. దాన్ని మా హాల్లో మేకుకి తగిలించాడు. మా ఇంటి గోడకి మమ్మల్ని అడక్కుండా. ఇక ఆ రోజు నుంచి గంట గంటకీ ఫోన్.

"బావా, బండి పోయిందా?"

"పోయింది."

"ఎన్ని పెట్టెలు?"

"పది."

"రైట్ టైమ్."

ఇంజన్ తోలిన రోజుల్లో కూడా ఇతను నా లైన్ మీదకి ఇంత సరైన టైముకి ఎప్పుడూ రాలేదు.

వేలు వంగడం మొదలుపెట్టింది. మొదట కొస, తర్వాత మధ్య కణుపు. వేలి కొసకీ అరచేతికీ మధ్య ఖాళీని ఆ పిల్ల ప్రతి వారం కొలిచేది. నేను జామకాయలు తింటూ కూర్చునేవాణ్ణి. ఒకరోజు అడిగాను, జామకాయకీ నా తాళ్ళకీ ఏమిటి సంబంధం అని. పాయలు గట్టిగా పేనుకోవాలంటే విటమిన్ సి కావాలట. పూర్వం నెలల తరబడి సముద్రంలో ఉండి, పండూ కాయా దొరకని ఓడవాళ్ళకి ఎప్పుడో మానిపోయిన గాయాలు మళ్ళీ విచ్చుకునేవట.

"మానిపోయినవి ఎందుకు విచ్చుకుంటాయి?"

"మానిపోవడం అంటే పని అయిపోవడం కాదు అంకుల్. మచ్చ ఉన్నంతకాలం సెల్స్ అక్కడ పాత తాడు కొరికి తీసేస్తూ, కొత్తది వేస్తూనే ఉంటాయి. కొత్తది వెయ్యడం ఆగితే, తీసేసిన చోట ఊడిపోతుంది."

ఈ సంగతి నాకు అరవై నాలుగేళ్ళుగా తెలుసు. మా ఆవిడ, పిల్లలు, బావమరిది, అందరూ నన్ను అడిగేది ఒకటే: ఎప్పటివో ఎందుకు తలుచుకుంటారు, వదిలెయ్యొచ్చు కదా? నేను తలుచుకోవడం లేదు, మరమ్మతు చేసుకుంటున్నాను. పులిహోర సంగతి నేను నెలకొక్కసారైనా తీసి, దుమ్ము దులిపి, మళ్ళీ బిగించకపోతే ఈపాటికి విడిపోయి ఉండేది. ఇంటికొచ్చి మా ఆవిడకి ఇది వివరించాను. "దానికి కూడా జామకాయలు కావాలేటి?" అంది.

తర్వాతి నెలలో సంఘం భోజనాలు దయాల్‌బంద్ పేటలో పెట్టారు. పనస పొట్టు కూర వడ్డించారు. మా బావమరిది నా పక్కనే కూర్చుని, బంతిలో అందరికీ వినబడేలా, "మా బావకి పనసకాయ కొట్టడం రాదండీ, ఇదిగో, వేలు సూడండి" అన్నాడు. పదిహేను తలలు నా వైపు తిరిగాయి. నాకు ఒళ్ళు మండి పిడికిలి బిగించాను. నిజంగా బిగించాను. వేలి మొదట్లో టప్ మంది.

బంతిలోంచి లేచిపోయాను. చెయ్యి గుండెకి ఆనించుకుని, అరటిఆకు దగ్గర ఎవరు పిలిచినా పలక్కుండా. తెగిపోయిందనే అనుకున్నాను. స్కూటర్ మీద అతని వెనకే కూర్చుని వెళ్ళాల్సి వచ్చింది, వేరే బండి లేదు. దారంతా అతను గుంత కనబడిన చోటల్లా ఇరవైలో తోలాడు. సెంటర్ గుమ్మం ముందు బండి ఆపి, "బావా, నాను ఊరికే నవ్వులాటకి అన్నాను," అన్నాడు. నేను విననట్టు లోపలికి వెళ్ళాను.

ఆ పిల్ల వేలి మొదట్లో నొక్కి చూసింది, వంచమంది, తీయమంది. కనుబొమలు పైకి లేచాయి. స్కేలు తెచ్చి కొలిచింది. మళ్ళీ కొలిచింది. "తెగలేదు అంకుల్. గోడకి అంటుకున్నది ఏదో ఊడింది. ఖాళీ సగం అయిపోయింది!" నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఆ పిల్ల మొహం మారిపోయింది. "కాని ఇలా ఇంకోసారి చెయ్యకండి. తాడే ఊడిపోయి ఉంటే? డెబ్భై అయిదు కాషన్‌లో నూట ఇరవై తోలారు మీరు." నా భాష ఆ పిల్లకి కూడా అంటుకుంది.

బయట బావమరిది స్కూటర్‌కి ఆనుకుని నిలబడి ఉన్నాడు. "తెగలేదు," అన్నాను. అతను స్కూటర్ సీటు మీద కూలబడ్డాడు. "అయితే నా నవ్వులాటే మందు అయింది," అన్నాడు కాసేపటికి. మనిషి తేరుకోవడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

రెండు నెలల గడువు ముగిసే రోజున నేను సెంటర్‌కి మూడు తెల్లకాగితాలు, రెండు కార్బన్లు, నా పాత బాల్‌పెన్ను తీసుకుని, బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్ళాను. మర్నాడు డాక్టరు చూసి కొయ్యాలో వద్దో చెబుతాడు. ఆయన కొలతలు ఆయనవి. నా కొలత నాది. కార్బన్ కాగితం చూసి ఆ పిల్ల, "ఇదేంటి, ఎక్స్‌రేనా?" అంది. ఏమిటో చెప్పాను. నీలం రంగు వేలికి అంటుకుంటే ముచ్చటపడింది.

మామూలుగా ఫిర్యాదులు హిందీలో రాస్తాను. ఈసారి తెలుగులో రాయాలని ఎప్పుడో అనుకున్నాను, ఎందుకంటే అందుకోవాల్సినవాడు ఎదురుగా బల్ల మీద కూర్చుని ఉన్నాడు. అతను నా మీద రాసిన రిపోర్టు నాకు కంఠతా వచ్చు. అదే వరసలో రాయాలని, వేలు తెగిన రోజు నుంచీ మనసులో దిద్దుకుంటూనే ఉన్నాను. చూపుడు వేలు పెన్ను మీద వంగింది. వణికింది గాని నిలబడింది. నొక్కాను.

స్థలం: కుడిచేతి చూపుడు వేలు, మొదటి కణుపు. సమయం: ఉదయం, పనస పొట్టు కొడుతుండగా. కుదుపు: తీవ్రం. మరమ్మతు: కుట్టు వేయడమైనది. మూడు వారాలు బ్లాక్. పిమ్మట కాషన్ ఇరవై, నలభై అయిదు, డెబ్భై అయిదు.

కారణం.

అక్కడ పెన్ను ఆగింది. అతని పేరు రాయడానికే ఇంత దూరం వచ్చాను. పేరు మూడే అక్షరాలు. వేలికి ఆ మాత్రం బలం ఉంది. కాని కాగితం మీద పైనే మూడు వారాల బ్లాక్ ఉంది, నా చేత్తోనే రాసినది. ఆ ఎర్ర పీలిక ఎవరు కట్టారని ఏ ఇంజనీరు అడిగినా ఏం చెప్పాలి? ఫిర్యాదు అన్నాక లోపల బొక్క ఉండకూడదు. ఆలోచించి రాశాను.

ఆ పిల్ల కార్బన్లు తీసేసి మూడో కాపీ పైకెత్తింది. "నాకు చదవడం రాదు, మీరు చదవండి," అని బావమరిదికి ఇచ్చింది. అతను కళ్ళజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టాడు. స్థలం, సమయం, కుదుపు. "ఏటి బావా, ఇది నా రిపోర్టే!" అని కాగితం కిందకి దించి నన్ను చూశాడు. అది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంటుందనుకోలేదు కాబోలు. మళ్ళీ చదివాడు. కాగితం అడుగుకి వచ్చేసరికి అక్షరాలు పలచబడ్డాయి. అక్కడికి నా వేలు అలిసిపోయింది.

"కారణం... కారణం కనబడ్డం లేదు."

"సరిగా చూడు."

అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, వెలుతురుకి అడ్డంగా పట్టి, ఒక కన్ను మూసి చూశాడు. నేను పట్టా వరస చూసినట్టే చూశాడు.

"విచారణలో... విచారణలో ఉంది."

మూడో కాపీ. ఆఖరి లైను. చదవగలిగాడు.

"అంటే నాను కాదనా?" అన్నాడు.

"విచారణలో ఉంది అంటే విచారణలో ఉందని."

"ఎన్నాళ్ళు సాగుద్ది?"

"వచ్చే వేసవిలో ఒక పనసకాయ కొట్టి చూపించు. అప్పటిదాకా."

అతను నవ్వి, నా పెన్నే తీసుకుని, రెండో కాపీ మీద అందినట్టు సంతకం పెట్టి, మొదటిది మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు డాక్టరు వేలు వంచి చూసి, కొయ్యక్కర్లేదు, ఇలాగే కొనసాగించు అన్నాడు. ఇంటికి వచ్చి ఫైల్ తీసి, అతని పాత రిపోర్టు వెనకాల ఈ రెండు కాపీలూ కలిపి గుండుసూది గుచ్చాను, ఆ వేలితోనే. గుచ్చుతుండగా చూశాను, సంతకం కింద తేదీ వెయ్యలేదు. తేదీ లేని సంతకం ఏ ఆఫీసులోనూ చెల్లదు. ముప్పై ఏళ్ళు రైల్వేలో పనిచేసిన మనిషికి ఆ మాత్రం తెలియదా?

మళ్ళీ కూర్చుని మూడు కాగితాలూ రెండు కార్బన్లూ సర్దుకున్నాను.